ఏ షూ కొనాలి అక్కా?

మొన్న పుట్టింటికి గుడియాత్తం వెళ్ళినప్పుడు మా చిన్నాన్న కూతురు నా చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి లాక్కెళ్ళింది. కింద అమ్మావాళ్ళకి వినపడకుండా, "అక్కా, నేనూ నీలాగా పరుగెత్తాలనుకుంటున్నా. ఏ షూ కొనాలి?" అని అడిగింది. అడిగింది షూ గురించి. దానికి అంత గుసగుస ఎందుకో నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట మేముండే అణైకట్‌లో మొదటిసారి తెల్లారుగట్ల రోడ్డెక్కినప్పుడు నేను చేతిలో పాల సంచి పట్టుకుని బయల్దేరాను. ఎవరైనా చూస్తే పాలకి పోతున్నాననుకోవాలని. ఊరు దాటాక చింతచెట్టు కొమ్మకి ఆ సంచి తగిలించి, అప్పుడు మొదలుపెట్టాను పరుగు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ సంచి చేతిలోకి.

బస్సుకి టైమైపోయి ఆ పూట దానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. దారి పొడుగునా అదే ఆలోచన. అందుకే ఈ ముచ్చట. దానికోసం, దానిలాగే మిద్దె మీద గుసగుసగా అడగాలనుకుంటున్న చెల్లెళ్ళ కోసం.

షూ సంగతి తర్వాత చెప్తానమ్మా. ముందు నిదానం నేర్చుకోవాలి. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. పరుగంటే బడిలో వంద మీటర్ల పందెం లాగే ఉంటుందనుకుని, గుండె నోట్లోకి వచ్చేదాకా ఉరికేదాన్ని. మూడు కరెంటు స్తంభాలు దాటేసరికి ఆయాసం, కడుపులో పోటు. ఇది మనవల్ల కాదనిపించేది. తర్వాత నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. పరుగెత్తుతూ పదమూడో ఎక్కం పైకి చదవడం. పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి దాకా ఊపిరి తెగకుండా చెప్పగలిగితే ఆ వేగం సరైనది. మధ్యలో ఆగిపోతే తగ్గించాలి. చూసేవాళ్ళకి అది నడకలా కనిపించినా సరే. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అలా ఇరవై నిమిషాలు. పేరున్న పరుగువీరులు కూడా వారంలో చేసే పరుగులో ఐదింట నాలుగు వంతులు మాట్లాడుకునేంత నిదానంగానే చేస్తారని తెలిశాక నాకు ఎంత ధైర్యం వచ్చిందో!

నిదానం ఎందుకంటే ఊపిరి నెల రోజుల్లో అలవాటు పడిపోతుంది. ఎముకలు, మడమనీ పిక్కనీ కలిపే స్నాయువు అంత తొందరగా గట్టిపడవు, వాటికి నెలలు కావాలి. ఊపిరి బాగుంది కదా అని నేను మూడు వారాల్లో నాలుగు కిలోమీటర్ల నుంచి పదికి వెళ్ళాను. మోకాలి కింద ముందెముక వెంబడి వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి. ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నా. ఆ ఆరు వారాలూ తెల్లారి నాలుగున్నరకి మెలకువ వచ్చేది, కాలు కింద పెట్టలేక గోడకేసి చూస్తూ పడుకునేదాన్ని. నీకా గతి పట్టకూడదు చెల్లీ. వారానికి కొంచెం, చాలా కొంచెం పెంచు. మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించు.

ఇక రోడ్డు. మనకి అసలు భయం అక్కడే కదా. మొదటి రోజుల్లో ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ "ఎంగమ్మా ఓడురే?" అని అడిగేవాళ్ళు. ఎక్కడికమ్మా పరుగు, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని. మన ఊళ్ళలో ఆడది పరుగెత్తుతోందంటే ఏదో ముంచుకొచ్చినట్టే లెక్క. అడగనిది కోతకి పోయే ఆడవాళ్ళు మాత్రమే. ఇలవంబాడి వైపు ముళ్ళ వంకాయ తోటలుంటాయి. 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వేలూరు ముళ్ళ వంకాయ అదే. తొడిమ నిండా ముళ్ళు, లోపల వెన్న. ఆ కాయలు కొయ్యడానికి చీకటితోనే టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని నడిచేవాళ్ళు నన్ను చూసి పక్కకి జరిగి దారిచ్చేవాళ్ళు. ఒకామె ఒకరోజు, "రోజూ వస్తావే, నిన్న రాలేదేం?" అంది. ఆ మాటతో నాకు రోడ్డు మీద పట్టా ఇచ్చినట్టయింది. పాల సంచి మానేసింది ఆ వారంలోనే.

1984 లాస్ ఏంజెలెస్ దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పోటీయే లేదు, తెలుసా? అంతకుముందు ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ పరుగుకి హద్దు 1500 మీటర్లు. అంతకన్నా ఎక్కువ దూరం ఆడవాళ్ళ ఒళ్ళు తట్టుకోదని పెద్దపెద్దవాళ్ళే నమ్మారు. ఆ ఏడాది అమెరికా నుంచి జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తీసుకుంది. మా అమ్మ పెళ్ళి అయింది ఆ ఏడాదే. అంటే ఇది అంత పాత సంగతి కాదు. కాబట్టి మీ పక్కింటామె "ఆడపిల్లకి ఇదంతా అవసరమా" అంటే కోప్పడకు. నమ్మకం మారడానికి ఒలింపిక్స్ వాళ్ళకే అంత కాలం పట్టింది.

జాగ్రత్తలు మాత్రం పాటించాలి. బండ్లు ఎదురుగా కనపడేలా కుడి పక్కన పరుగెత్తు. తెల్లటి చొక్కానో పసుపు చొక్కానో వేసుకో. ఏ దారిన పోతున్నావో ఇంట్లో ఒకరికి చెప్పు. చెవుల్లో పాటలు వద్దు, వెనకాల వచ్చే బండి చప్పుడు వినపడాలి. కుక్క మీదికొస్తే పరుగు ఆపి, దాని వైపు తిరిగి నిలబడు. నువ్వు నడక మొదలుపెడితే దానికీ ఆసక్తి పోతుంది. మరీ చీకటి రోడ్డు మీద ఒంటరిగా వద్దు అనిపిస్తే బడి మైదానం చుట్టూ తిరుగు. తమిళనాడు ప్రభుత్వం 2023లో జిల్లాకొకటి చొప్పున ఎనిమిది కిలోమీటర్ల నడక దారులు గుర్తించింది, వీలైతే అక్కడికైనా పోవచ్చు. ఆ పనికి పూనుకున్న అప్పటి ఆరోగ్య మంత్రి మా. సుబ్రమణియన్ గారు స్వయంగా నూరుకి పైగా మారథాన్లు, హాఫ్ మారథాన్లు పరుగెత్తిన మనిషి. అదీ 2004లో పెద్ద రోడ్డు ప్రమాదంలో కాలు దెబ్బతిన్న తర్వాత.

సరే, షూ.

మా వీధిలో ఒకామె ఉంది, ఆంబూరు వైపు షూ కంపెనీకి పోతుంది. మన దగ్గర ఆంబూరు, పేర్నాంబట్టు, రాణిపేట అన్నీ తోలు ఊళ్ళే కదా. పొద్దున్నే కంపెనీ బస్సు వస్తే ఊరి ఆడపిల్లలు సగం మంది అందులో ఎక్కేస్తారు. ఆమె పనిచేసేది కుట్టు సెక్షన్లో, షూ పై భాగాన్ని ముక్కలు ముక్కలుగా కలిపి కుట్టేదగ్గర. నేను మొదటిసారి రన్నింగ్ షూ కొనుక్కొచ్చి చూపిస్తే చేతిలోకి తీసుకున్న తీరు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ముందు వాసన చూసింది. తర్వాత మడమ వెనక గిన్నెలా ఉండే చోట బొటనవేలితో నొక్కింది. అది లోపలికి పోకుండా గట్టిగా నిలబడాలట. రెండు చేతులతో షూని మడిచింది. వంగితే వేళ్ళు మొదలయ్యే చోట వంగాలి, నడిమధ్యన వంగితే పనికిరాదు. తడిగుడ్డ పిండినట్టు ఒక్కసారి మెలిపెట్టింది. ఆఖరికి లోపల చెయ్యి పెట్టి కుట్టు మీద వేళ్ళు పోనిచ్చి, "ఇక్కడ దారం ముడి ఉందక్కా, నీ చిటికెనవేలికి తగుల్తుంది, మార్చుకురా" అంది. మార్చుకొచ్చాను. ఆ ముడితోనే ఇరవై కిలోమీటర్లు పోయుంటే వేలు పుండయ్యేది.

ఆమె దగ్గర నేర్చుకున్నవే నీకు చెప్తున్నా. షూ కొనడానికి సాయంత్రం వెళ్ళు, రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, పరుగులోనూ అంతే ఉబ్బుతుంది. పరుగుకి వేసుకునే సాక్సుతోనే తొడుక్కుని చూడు. నిలబడితే పొడవాటి వేలికీ షూ చివరకీ మధ్య బొటనవేలంత ఖాళీ ఉండాలి. అది లేకపోతే గోళ్ళు నల్లబడి ఊడిపోతాయి, నావి రెండు పోయాయి. మడమ జారుతుంటే పైన మిగిలిపోయే ఆఖరి రంధ్రం ఉంది చూడు, అందులో లేసుని అదే వైపు చిన్న ఉచ్చులా వేసి, రెండో వైపు లేసు ఆ ఉచ్చులోంచి లాగి కట్టు. మడమ కదలదు. పేరు గొప్పదని పదిహేను వేలు పెట్టక్కర్లేదు. నేను మూడు వేల లోపువే వాడుతున్నా. కాకపోతే ఆరువందల నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకి అడుగున మెత్తదనం చచ్చిపోతుంది. పైన కొత్తగా కనిపిస్తున్నా సరే పక్కన పెట్టెయ్యాలి. వంటింటి క్యాలెండరు మీద నేను రోజూ కిలోమీటర్లు రాసుకునేది అందుకే.

ఒక సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉంటుంది. ఆమె కుట్టిన షూలు ఓడెక్కి ఏ దేశం పోతాయో, ఎవరి కాళ్ళకి పోతాయో. ఆమెకి మాత్రం వారానికి ఆరు రోజులు బస్సు, మిషను, మళ్ళీ బస్సు, వంట. ఆదివారం ఒక్కటే మిగిలేది. రెండేళ్ళు అడగ్గా అడగ్గా ఇప్పుడు ఆ ఆదివారం నాతో మూడు కిలోమీటర్లు వస్తోంది. అలిసి ఉన్నా నవ్వుతూ వస్తుంది. నాకు ఏ పతకం వచ్చినా అంత సంతోషం ఉండదు.

బట్టల దగ్గరికొస్తే అది నా సొంత విద్య. మా నాన్న గుడియాత్తంలో లుంగీలు నేసిన మనిషి, నేను ఇంట్లో మిషను పెట్టుకుని కుట్టుపని చేసేదాన్ని. అయినా మొదట్లో నూలు చుడీదారే వేసుకుని పరుగెత్తాను. నూలు మన ఎండకి చల్లన, ఒప్పుకుంటా. కానీ చెమట తాగి బరువెక్కి, తడి గుడ్డలా ఒంటికి రాసుకుంటుంది. గంట దాటితే చంకల్లో, తొడల మధ్య మంట. స్నానానికి నీళ్ళు పోసుకుంటే కేకలే. దూరం పరుగులకి చెమట పీల్చకుండా బయటికి తోసేసే పలచటి పాలిస్టరు బట్టే మంచిది, సాక్సులు కూడా. రాసుకునే చోట్ల వాజలిన్ పట్టించు. కొత్త బట్ట కొన్నప్పుడు తిరగేసి కుట్లు చూడు, పక్క కుట్టు లావుగా లేచి ఉంటే వద్దు. నా ప్యాంట్లకి నడుం వెనకాల నేనే చిన్న జేబు కుట్టుకున్నా, ఫోనూ ఇంటి తాళం చెవీ పట్టేంత. నీదీ పంపు, కుట్టిస్తా.

సిగ్గుపడకుండా ఇంకొకటి కూడా చెప్పాలి. షూ కన్నా ముందు మంచి స్పోర్ట్స్ బ్రా కొను. మామూలు దానితో పరుగెత్తితే రొమ్ములు లాగి నొప్పి, భుజాలకి కోత. అడుగు పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడో వేలు దూరకూడదు. బరువు మోయాల్సింది ఆ పట్టీ, భుజం మీది పట్టీలు కాదు. కొట్లో మగవాళ్ళున్నారని కొలత చూసుకోకుండా కొనేసి నేను రెండు వృథా చేశాను.

బట్ట గురించి ఇంత చెప్పి జయంతి సంపత్ కుమార్ గారి సంగతి చెప్పకపోతే ఎలా! 2017 ఆగస్టులో హైదరాబాదు మారథాన్లో ఆవిడ చేనేత చీర గోచీ పోసి కట్టుకుని, కాళ్ళకి చెప్పులతో, 42 కిలోమీటర్లూ ఐదు గంటల లోపు పూర్తి చేశారు. చేనేత గురించి నలుగురికీ తెలియాలని ఆ పని చేశారట. ఆ ఫోటో నాన్నకి చూపించాను. చాలాసేపు ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "కొంగు ఎక్కడ దోపిందో చూడు, ఎంత బాగా బిగించింది" అన్నాడు. తర్వాత నా పరుగు గురించి ఎవరేమన్నా ఆయన ఒక్క మాట పడనివ్వలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇది చదివి మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు.

నా మొదటి హాఫ్ మారథాన్లో, 21 కిలోమీటర్లు ఉంటుందది, పదిహేడో కిలోమీటరు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి కూలబడిపోయాను. ఎండ అనుకున్నారు అందరూ, నేనూ అదే అనుకున్నా. అంతకు నాలుగు నెలల ముందు నుంచే మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, ఎంత నిద్రపోయినా లేవబుద్ధి కాకపోవడం. అవన్నీ సాధన ఎక్కువై అనుకున్నా. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ అడుగంటి ఉంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అంటే మన ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళుంటే ఒకరికి ఉన్నట్టే. అలాంటి ఒంటితో దూరాలు పెంచడమంటే నూనె లేని దీపానికి వత్తి ఎగదోసినట్టే. అందుకని పరుగు మొదలుపెట్టే ముందు రక్తం పరీక్ష చేయించుకో. ఫెర్రిటిన్ కూడా రాయమని డాక్టరు గారిని అడుగు. మాత్రలు ఆవిడ చెప్పినట్టే వేసుకో, నీ అంతట నువ్వు కొనుక్కుని వేసుకోకు. తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే అన్నంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంటైనా ఆగు. మునగాకు వేపుడు మీద నిమ్మకాయ పిండుకో. మా అత్తమ్మ ఇప్పుడు నా పళ్ళెం పక్కన నిమ్మచెక్క తనే పెడుతుంది. ఒకప్పుడు నేను పొద్దున్నే బయటికి పోతే తలుపు దగ్గర నిలబడి చూసిన మనిషి.

నెలసరి రోజుల్లో పరుగెత్తొచ్చా అని కూడా అడుగుతారు. ఒంట్లో బాగుంటే పరుగెత్తొచ్చు, లేకపోతే పడుకో, రెండూ తప్పు కాదు. పౌలా రాడ్‌క్లిఫ్ అనే ఆమె 2002లో షికాగో మారథాన్‌లో 2 గంటల 17 నిమిషాల 18 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టింది కడుపునొప్పి భరిస్తూనే అని ఆమే చెప్పుకుంది. అలాగని నువ్వూ భరించాలని కాదు.

నేనిప్పుడు జనవరిలో చెన్నై మారథాన్‌కి సిద్ధమవుతున్నా. హాఫ్ రెండుసార్లు అయింది. చెన్నైలో 32 కిలోమీటర్ల పోటీ కూడా ఒకటుంటుంది, అదీ ఒకసారి పూర్తిచేశా. ఈసారి ఫుల్, 42.195. ఆ లెక్క ఇలా బెత్తెడు తోకతో ఎందుకుందా అనుకునేదాన్ని. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియం దాకా అయిన దూరమట, 1921లో దాన్నే ఖాయం చేశారు. ఆఖరి 195 మీటర్లు ఎంత పొడుగో ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళకే తెలుస్తుందని పాతవాళ్ళు అంటారు. నాకింకా తెలియాలి.

మనకి కష్టమేమిటంటే, జనవరి పోటీకి సాధన సెప్టెంబరులో మొదలవుతుంది, అది ఊపందుకునే అక్టోబరులోనే ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. అక్టోబరు, నవంబరు రెండు నెలలూ తడి. తడిసిన షూని ఎండలో పెట్టకు చెల్లీ, లోపలి జిగురు వదిలిపోతుంది. లోపలి మెత్త తీసేసి, పాత దినపత్రిక ఉండలు చేసి కుక్కు. రెండు గంటలకోసారి ఉండలు మార్చి ఫ్యాను కింద పెడితే మర్నాటికి ఆరిపోతుంది. అయినా వాన మేలు. మే నెల కత్తిరి ఎండల్లో, వేలూరు నలభై డిగ్రీలు దాటి ఉడికిపోతుంటే, ఐదున్నరకే పరుగు ముగించి ఇంట్లో ఉండాలి. ఆ నెలలో నేను దూరం పెంచను, ఉన్నది నిలబెట్టుకుంటానంతే.

వారంలో నాలుగు రోజులు పరుగు. మూడు చిన్నవి, ఆదివారం ఒకటి పెద్దది. ఒడుగత్తూరు రోడ్డు పట్టుకుంటే ఎదురుగా జవ్వాదు కొండలు. చీకట్లో ముందు గీతలా మొదలై, నేను పదో కిలోమీటరుకి వచ్చేసరికి నీలంగా విడివడతాయి. ఆ పెద్ద పరుగుకి ముందు అరటిపండు, చేతిలో ఓ.ఆర్.ఎస్. నీళ్ళు. లీటరుకి ఒక ప్యాకెట్, అంతకన్నా చిక్కగా కలపకూడదు. దాహం వేస్తే తాగు, భయంతో తాగకు. 2002 బోస్టన్ మారథాన్లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం పడిపోయింది. దారిలో తాగిన నీళ్ళతో బరువు పెరిగినవాళ్ళకే ఆ ముప్పు ఎక్కువని తేలింది. నీళ్ళెక్కువైనా ప్రాణం మీదికొస్తుందని ఈ లెక్క తెలిశాకే నాకూ అర్థమైంది. ఇంటికొచ్చాక రాగి సంగటి, పప్పు, గుడ్డు. మధ్యలో నమలడానికి వేరుశెనగ ఉండ.

పోటీకి ఇంక మూడు వారాలున్నాయనగా దూరం తగ్గించేస్తా. ఆ రోజుల్లోనే మనసు పాడుచేస్తుంది, ఇంకొక్క పెద్ద పరుగు చేస్తే బాగుండునని. చెయ్యకూడదు. ముందురోజు రాగి వద్దు, మునగాకూ వద్దు, పీచు ఎక్కువ. తెల్లన్నం, రసం, పెరుగు. ఫుల్ మారథాన్ తెల్లవారుజామున నాలుక్కి నేపియర్ వంతెన దగ్గర మొదలవుతుంది, అంటే ఒకటిన్నరకి లేచి రెండు ఇడ్లీలు తినాలి. అందుకే ఇంట్లో రెండు ఆదివారాలు ఒకటిన్నరకి లేచి ఇడ్లీ తిని కడుపు ఏమంటుందో చూసుకున్నా. ఏదీ ఆ రోజు మొదటిసారి కాకూడదు, సాక్సుతో సహా. కాట్పాడిలో ముందురోజు రైలెక్కడం, నంబరు కాగితం తీసుకోవడం, రాత్రే చొక్కాకి నాలుగు మూలలా పిన్నీసులతో గుచ్చి కుర్చీకి తగిలించడం, షూ లోపల సాక్సులు, సాక్సుల్లో వాజలిన్ డబ్బీ. పెళ్ళికి సర్దుకున్నట్టే ఉంటుంది నాకు.

చెల్లీ, వచ్చే శనివారం గుడియాత్తం నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చెయ్. ఆదివారం పావుతక్కువ ఐదుకి మన షూ కంపెనీ అక్క కూడా వస్తుంది. నీ దగ్గర ఏ షూ ఉంటే అదే వేసుకురా, తను చేత్తో పట్టి చూసి చెప్తుంది. పదమూడో ఎక్కం మర్చిపోయి ఉంటావు, బస్సులో ఒకసారి చూసుకో. పాల సంచి మాత్రం తేవద్దు.